మేనమామ తెచ్చిన ఎద్దు

"ఓణీ పూర్ణచంద్రరావు గారు వేస్తార్లేవోయ్. పెద్దాయన. బెజవాడ నుంచి అన్ని పనులూ మానుకుని వస్తున్నాడు," అన్నాడు కోటేశ్వరరావు, ఇడ్లీలోకి ఇంకాస్త చట్నీ వెయ్యమన్నంత తేలిగ్గా.

శోభనాద్రి చేతిలో కాఫీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఎదురుగా బావ. వంటింటి గుమ్మానికి ఆనుకుని అక్క మంగతాయారు. అక్క వంక చూశాడు. ఆవిడ కొంగు చివర దారప్పోగు లాగుతూ కూచుంది గానీ తలెత్తితే ఒట్టు.

ఓణీల ఫంక్షనంటే పిల్ల భుజాన మొదటి ఓణీ వెయ్యాల్సింది మేనమామ. గుడివాడలోనే కాదు, కృష్ణకి ఈ గట్టునైనా ఆ గట్టునైనా అంతే. పిల్ల హిమబిందు. దాని తల్లి మంగతాయారుకి తోడబుట్టినవాడు శోభనాద్రి ఒక్కడే. పూర్ణచంద్రరావు ఆవిడ పెదనాన్న కొడుకు. వరసకి ఆయనా మేనమామే, కాదన్నదెవరు? వరసలు కలుపుకుంటూ పోతే ఊళ్ళో సగం మంది మేనమామలే అవుతారు.

"మరి నేనేం చెయ్యాలి బావా?"

"నువ్వేం చెయ్యక్కర్లేదు. శుక్రవారం హాయిగా వచ్చి భోంచేసి వెళ్ళు. అసలే ఆ రొయ్యల గొడవల్లో నలిగిపోయి ఉన్నావు. మళ్ళీ నీకిదో బరువెందుకని," అంటూనే కోటేశ్వరరావు రైసుమిల్లు నుంచి ఫోనొస్తే లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

నలిగిపోయి ఉన్నాడట! నాగాయలంకలో తన చెరువులు తెల్లమచ్చ తెగులుకి పోయిన మాట నిజమే. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు రిపేర్లు చేసుకుంటున్న మాటా నిజమే. అయితే మాత్రం? చెరువు పోతే మేనమామ మేనమామ కాకుండా పోతాడా?

"అక్కా, నువ్వైనా నోరిప్పవేం?"

"మీ బావ సంగతి నీకు తెలీదా? కాస్త ఓపిక పట్టరా," అంది మంగతాయారు గొంతు తగ్గించి.

ఓపికన్నది శోభనాద్రి జాతకంలో రాసిపెట్టలేదు. చెప్పులేసుకుని గేటు దాకా వచ్చాక వెనకనుంచి కాళ్ళపట్టీల చప్పుడు. హిమబిందు. పద్నాలుగో ఏడు. తల్లి పోలిక మొహం, మేనమామ పోలిక తిక్క.

"మావయ్యా, అన్నీ విన్నాను. నువ్వే వేస్తావుగా ఓణీ?"

"నేను కాక ఎవడేస్తాడే? వాడెవడు బెజవాడవాడు!"

"ఒట్టు?"

"ఒట్టంటే ఒట్టు," అని పిల్ల నెత్తిమీద చెయ్యి పెట్టి మరీ చెప్పాడు. ఎలా వేస్తాడో వాడికే తెలీదు.

బందరులో దిగి అవనిగడ్డ బస్సు పట్టుకోవాలి. పట్టుకోలేదు. ఒక బస్సు పోయింది, ఇంకో బస్సు పోయింది. శోభనాద్రి బస్టాండులో కాలుగాలిన పిల్లిలా ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉన్నాడు. జామకాయ కొన్నాడు, సగం తిని పారేశాడు. ఇంటికి ఫోన్ చేసి భార్యకి చెప్పుకున్నాడు. మహాలక్ష్మి అంతా విని, "అయితే నేను రాను. మీ అక్క, మీ బావ, మీరే ఊరేగండి" అని ఫోన్ పెట్టేసింది. పుండు మీద కారం చల్లినట్టయింది.

బావ ఎందుకిలా చేశాడు? చిన్నచూపు. అంతే, ఇంకేం లేదు. అదే తను దర్జాగా కార్లో దిగితే, నలుగురూ 'ఎవరండీ ఆయన' అనుకుంటే, అప్పుడు 'రావయ్యా శోభనాద్రీ' అంటూ ఎదురొచ్చేవాడు. నలుగురూ అనుకునేలా ఏదైనా చెయ్యాలి. గుడివాడంతా చెప్పుకోవాలి. 'ఎవరు తెచ్చారట' అంటే 'మేనమామ' అనాలి. ఒకసారి ఆ మాట జనం నోట పడ్డాక ఓణీ ఇంకొకడి చేత ఎలా వేయిస్తాడో చూద్దాం.

ఆలోచన అక్కడి దాకా వచ్చేసరికి కాళ్ళు వాటంతటవే అనీస్ షెడ్డు వైపు తిరిగాయి.

అనీస్‌ది షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చే వ్యాపారం. బందరులో ఏ ఫంక్షనైనా సగం సామాను వాడి షెడ్డులోంచే వెళ్ళాలి. ఆ షెడ్డు వెనక, టార్పాలిన్ కింద, ఎద్దుంది. కరెంటు ఎద్దు. నల్ల రెక్సిన్ తోలు, లోపల మోటారు, గేరుబాక్సు. ఎక్కి కూచుంటే గుండ్రంగా తిరుగుతుంది, ముందుకీ వెనక్కీ ఎగురుతుంది, మనిషిని చుట్టూ ఉన్న గాలిపరుపు మీదకి విసిరేస్తుంది. ఎగ్జిబిషన్ వాళ్ళు వెళ్ళిపోతూ అమ్మేస్తుంటే అనీస్ కొన్నాడు. ఒక కొమ్ము విరిగితే ఎం-సీల్ పెట్టి అతికించాడు.

"ఫంక్షన్‌కా? ఓణీల ఫంక్షన్‌కి ఎద్దేంటండీ శోభన్ గారూ?" అనీస్ నవ్వాపుకోలేకపోయాడు. "కాలేజీ వాళ్ళు తప్ప ఎవరూ తీసుకెళ్ళలేదు దీన్ని."

"అందుకే కావాలి. గుడివాడలో ఎవరింట్లోనూ పెట్టలేదుగా?"

"లేదండీ."

"అయితే శుక్రవారం నాదే."

"శుక్రవారమా..." అనీస్ గడ్డం గోక్కున్నాడు. "మధ్యాహ్నం నమాజుకి నన్నొదిలెయ్యాలి మరి. ఆ కాసేపూ ఆపేద్దాం."

"ఆపడమెందుకు? నేను తిప్పుతా. ఏరేటర్లు తిప్పినవాణ్ణి, ఎద్దుని తిప్పలేనా?"

అనీస్ టార్పాలిన్ లాగేశాడు. శోభనాద్రి చెయ్యి గేరుబాక్సు మూత మీదకి పోయింది. గ్రీజు ఎండిపోయి ఉంది. అడక్కుండానే స్పానర్ తీసుకుని మూత విప్పి, పాత గ్రీజు గుడ్డతో తుడిచి, కొత్తది వేళ్ళతో పళ్ళ మధ్యకి నొక్కాడు. చేతికి పనుంటే గానీ వాడి మనసు ఒకచోట నిలవదు. అనీస్ పొడుగు వైరున్న పెట్టె తెచ్చి చేతికిచ్చాడు. దాని మీద ఒక ఎర్ర బటను, ఒక నాబ్.

"పెద్దోళ్ళకి ఒకటి, పిల్లలకి రెండు, కుర్రాళ్ళకి నాలుగు. ఆపైన వద్దండీ, ఊరికే విసిరేస్తది. ఇంకోటి, నాబ్ చూస్తా తిప్పకూడదు. ఎక్కినోళ్ళ మొహం చూస్తా తిప్పాలి."

"తెలుసులే," అన్నాడు శోభనాద్రి, నాబ్ చూస్తూ.

గురువారం మధ్యాహ్నానికి వ్యాను గుడివాడలో కళ్యాణమండపం వెనక ఖాళీ స్థలంలోకి వచ్చింది. నేల ఎగుడుదిగుడు. శోభనాద్రి లుంగీ ఎగ్గట్టి పారతో చదును చేశాడు. ఇటికెలు పరిచి, ఇసక బస్తాలు వేసి, ఇనప చట్రం దించి, అనీస్ ఒకవైపు తనొకవైపు బోల్టులు బిగించారు. గాలిపరుపుకి బ్లోయర్ పెడితే అది మెల్లగా లేచి చెరువు గట్టంత ఎత్తున నించుంది. ఎద్దుని ఎత్తి కూచోపెట్టేసరికి మండపం లోపల పూలు కట్టేవాళ్ళు, వంటవాళ్ళు, చుట్టాలు అందరూ బయటికొచ్చేశారు.

కోటేశ్వరరావు మిల్లు స్నేహితులతో వచ్చి నించున్నాడు. "ఇదేం సర్కస్సోయ్?" అన్నాడు ముందు. పక్కనున్నాయన, "అబ్బో, కరెంటు ఎద్దే! నేను హైదరాబాదులో చూశాను. మన గుడివాడకి మీరే మొదలండీ కోటేశ్వరరావు గారూ," అనేసరికి బావ మొహం విప్పారింది.

"మావాడు తెప్పించాడు," అన్నాడు.

శోభనాద్రి గుండె పొంగింది. అది పొంగి దిగేలోపే ఇంకో నలుగురొచ్చారు. వాళ్ళతో బావ, "ఏదో పిల్లలు సరదా పడతారని మేమే తెప్పించాం," అన్నాడు. ఎంతసేపు పట్టింది 'మావాడు' పోయి 'మేమే' అవడానికి! శోభనాద్రి స్పానర్ ఇసకలోకి విసిరి, మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నాడు.

తీరా ఎద్దు సిద్ధమయ్యాక ఎక్కేవాడు లేడు. పిన్ని పెద్దింట్లమ్మ పసుపూ కుంకుమా తెచ్చి రెక్సిన్ నుదుటికి పెట్టి దణ్ణం పెట్టింది. "ఎద్దు మీద కూచునేది శివుడొక్కడేరా. దాని కష్టం తిని బతికిన వాళ్ళం, మనం ఎక్కితే కళ్ళు పోవూ?" అంది. అంతే, ఉత్సాహంగా ముందుకొచ్చిన బావలూ మరుదులూ అందరూ చేతులు వెనక్కి కట్టుకున్నారు. వాళ్ళెవరి ఇళ్ళలోనూ ఎడ్లు లేక ఏళ్ళయింది, అన్నీ ట్రాక్టర్లే. అయినా కాళ్ళు రాలేదు.

"పిన్నీ, ఇది గడ్డి తినదే. కరెంటు తింటుంది," అని శోభనాద్రి తనే ఎక్కాడు. అనీస్ నాబ్ ఇంత తిప్పాడో లేదో, మేనమామ గారు గాల్లో లేచి పరుపు మీద బోర్లా పడ్డారు. లుంగీ ఒకచోట, తనొకచోట. జనం విరగబడి నవ్వారు. అందరికంటే హిమబిందు ఎక్కువ నవ్వింది. కడుపు పట్టుకుని అక్కడే కూలబడి మరీ నవ్వింది. ఆ నవ్వు చూస్తే వాడికీ నవ్వొచ్చింది. ఇక వరస కట్టారు చూడండి! చీకటిపడే దాకా ఎద్దు ఆగలేదు.

అక్క ఇంటి నుంచి ఫోన్ చేసింది. "భోజనానికి రారా," అని.

"ముందు ఓణీ సంగతి చెప్పు."

"పొద్దున చూద్దాంలే తమ్ముడూ. మీ బావతో ఇప్పుడేం మాట్లాడలేను. ఇంటినిండా జనం."

"చూద్దామంటే లేదనేగా? తెలుగు నాకూ వచ్చులే!" అని పెట్టేశాడు. తర్వాత ఆవిడ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. వ్యాన్లోనే పడుకున్నాడు. పడుకున్నాడన్నమాటే గానీ ఆ దోమల్లో అటు దొర్లీ ఇటు దొర్లీ బావతో ఊహల్లో పోట్లాడుతూనే ఉన్నాడు. ఊహల్లో మాత్రం ప్రతిసారీ వాడే గెలిచాడు.

శుక్రవారం పొద్దున స్నానం చేసి, గంజిపెట్టిన తెల్లచొక్కా వేసుకుని మండపంలోకి వెళ్ళాడు. ముందు వరసలో సోఫా. సోఫాలో పూర్ణచంద్రరావు, చేతికి గంధం, పక్కన పన్నీరు బుడ్డి పట్టుకుని స్వయంగా బావ. స్టేజీ మెట్ల దగ్గర శోభనాద్రి కాసేపు నించున్నాడు. ఎవరో "కాస్త జరగండి, వీడియోకి అడ్డం" అన్నారు. జరిగాడు. ఇంకోడు కుర్చీ వేస్తాడేమో అని చూశాడు. వెయ్యలేదు. జరుగుతూ జరుగుతూ వెనక గుమ్మంలోంచి బయటికే వచ్చేశాడు.

"అనీస్, నువ్వు నమాజుకి వెళ్ళు."

"ముహూర్తం టైమండీ. మీరు లోపల ఉండాలేమో. ఆపేసి వెళ్తాలెండి."

"నాకక్కడ పనేం లేదు. నువ్వెళ్ళవయ్యా!"

అనీస్ వాడి మొహం చూసి, పెట్టె చేతికిచ్చి వెళ్ళాడు. అనీస్ అటు వెళ్ళాడో లేదో కరెంటు పోయింది. జనరేటర్ వేశారు. అది సరిగ్గా ఎద్దు పక్కనే. దాని రొదలో పక్కవాడి మాట వినాలంటే చెవిలో నోరు పెట్టాలి. లోపల సన్నాయి వాయిస్తున్నారో మానేశారో బయట ఎవరికీ తెలీదు. శోభనాద్రి చొక్కా చేతులు మడిచాడు, అది చెమటకి వీపుకంటుకుపోయింది, వేళ్ళకి గ్రీజు. ఒక పట్టుచీరావిడ పిల్లాణ్ణి ఎక్కించి, "ఏవయ్యా ఎద్దబ్బాయ్, మావాణ్ణి కాస్త మెల్లగా తిప్పు," అంది. ఎద్దబ్బాయ్! నిన్నటికి మేనమామ, ఇవాళ ఎద్దబ్బాయ్. బాగుంది వరస.

జేబులో ఫోన్ అదిరింది. అక్క. కట్ చేశాడు. మళ్ళీ అక్క. మళ్ళీ కట్ చేశాడు. మూడోసారి వచ్చేసరికి ఒళ్ళుమండి స్విచాఫ్ చేసి పారేశాడు. ఇప్పుడెందుకు పిలవడం? పూర్ణచంద్రరావు ఓణీ వేస్తుంటే పక్కన నించుని అక్షింతలు జల్లడానికా?

కాసేపటికి భుజాన తడి తుండుతో వడ్డనల మనిషొకడు పరుగున వచ్చాడు. చెవి దగ్గర చేరి అరిచాడు. "నాగాయలంక శోభనాద్రి గారంట, ఇక్కడున్నారాండీ? లోపలికి రమ్మంటున్నారు! అర్జెంటంట!"

శోభనాద్రికి నషాళానికంటింది. ఆహా! మేనమామని పిలవడానికి వడ్డించేవాణ్ణి పంపారా? అక్కా బావా వచ్చి, బొట్టుపెట్టి, చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళాల్సిన మనిషిని, సాంబారు బకెట్టు పక్కన పెట్టి వచ్చినవాడు రమ్మంటే పోవాలా? ఏముంటుంది లోపల? చుట్టాలందరికీ పెట్టినట్టే ఓ ప్యాంటు గుడ్డా చొక్కా గుడ్డా చేతిలో పెట్టి, బంతిలో కూచోబెడతారు. ఆ మర్యాద కుక్కలకి వెయ్యమను.

"ఆయన వెళ్ళిపోయాడు," అన్నాడు.

"ఎక్కడికండీ?"

"ఊరికి. బస్సెక్కి వెళ్ళిపోయాడని చెప్పు. గట్టిగా చెప్పు, అందరికీ వినపడేలా."

వాడు తలూపి మళ్ళీ పరుగెత్తాడు. శోభనాద్రికి మూడు రోజులుగా లేని సుఖం కలిగింది. బావ మొహం ఎలా మాడుతుందో తల్చుకున్నాడు. అక్క ఏడుస్తుంది. ఏడవనీ, తెలిసొస్తుంది. ఆ ఊపులో నాబ్ అయిదు దాటించాడు. ఎద్దు మీదున్న కుర్రాడు గాల్లో పల్టీ కొట్టి పరుపు అంచున పడ్డాడు. "చూస్కో గురూ!" అని అరిచాడు.

కరెంటు వచ్చింది. జనరేటర్ ఆపారు. ఒక్కసారిగా నిశ్శబ్దం. మండపం లోపల్నుంచి సన్నాయీ లేదు, పాటలూ లేవు. ఉత్త గుసగుసలు. పూర్ణచంద్రరావు కారు గేటు దాటి వెళ్ళిపోవడం కనిపించింది. ఇంకా మొదటి బంతి కూడా లేవలేదే! ఆకులు మోస్తున్నవాళ్ళెవరో, "బెజవాడాయన మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడంట," అనుకుంటున్నారు. శోభనాద్రికి ముందు సంతోషమేసింది. ఆ తర్వాత ఎద్దుని ఆపి, పెట్టె పరుపు అంచున పెట్టి, గుమ్మం వైపు చూశాడు.

వెనక గుమ్మంలో మంగతాయారు కనిపించింది. చేతులు కడుక్కోడానికి పంపు దగ్గరికి వస్తోంది. తమ్ముణ్ణి చూసి కొయ్యబారిపోయింది.

"నువ్వు... ఇక్కడే ఉన్నావా? బస్సెక్కావన్నాడే వాడు!"

"నేనే చెప్పమన్నా."

"నువ్వే చెప్పమన్నావా? ఎందుకురా?"

"ఎందుకేంటి? వడ్డించేవాణ్ణి పంపిస్తే రావాలా నేను? మేనమామని పిలిచే పద్ధతేనా అది?"

మంగతాయారు గబగబా వచ్చి వాడి చొక్కా పట్టుకుంది. "ఎవర్ని పంపనురా? నువ్వు ఫోనెత్తవు. మీ బావ పంతులు గారితో వాదిస్తున్నాడు. బిందు నా చెయ్యి వదలడం లేదు. శోభన్ మావయ్య వేస్తేగానీ వేసుకోనని పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మీ బావ దిగొచ్చాడు. 'సరే, వాణ్ణే పిలవండి' అన్నాడు. పూర్ణన్నయ్య కూడా 'దాందేవుంది, వాడే వెయ్యనీ' అన్నాడు. అందరం నీకోసం కూచున్నాం. ఎదురుగా వాడొక్కడే కనపడ్డాడు, పంపించాను. వాడొచ్చి మైకు పక్కన నించుని చెప్పాడు, 'ఆయన బస్సెక్కి వెళ్ళిపోయారండీ' అని. మండపమంతా వినపడింది."

శోభనాద్రి జేబులోంచి ఫోన్ తీశాడు. స్విచాఫ్‌లోనే ఉంది.

"అది ఏడవలేదురా. ఏడ్చినా బాగుండేది. ముహూర్తం దాటిపోతోందని పూర్ణన్నయ్య ఓణీ తీసుకున్నాడు. ఆయన చేతిలోంచి లాక్కుంది. 'నాకెవరూ వెయ్యక్కర్లేదు, నేనే వేసుకుంటా' అని అంతమంది ముందూ తనే వేసేసుకుంది. పిన్నులు మొటిక్కాయలు వేస్తున్నా కదల్లేదు. ఆయన చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు." మంగతాయారు చొక్కా వదిలేసింది. "నీ పరువు నువ్వు చూసుకున్నావు. నా పిల్లని నలుగురిలో ఒంటరిదాన్ని చేశావు."

బావ ఆ మాటన్న మంగళవారం నుంచీ శోభనాద్రి అవమానం తనకొక్కడికే జరిగిందనుకుంటున్నాడు. ఆ పిల్ల పీట మీద కూచుని తన కోసం గుమ్మం వైపు చూస్తుంటే, తనిక్కడ బటన్ల పెట్టె పట్టుకుని సంతోషపడ్డాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

హిమబిందు ఎప్పుడొచ్చిందో వచ్చింది. పచ్చలంగా, ఎర్ర ఓణీ. ఓణీ కుచ్చిళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, పిన్ను వంకరగా పెట్టుకుంది. జడ నిండా పూలు. అక్కడున్నవాళ్ళందరూ పక్కకి తప్పుకున్నారు.

"బిందూ... నాకు తెలీదమ్మా. నేను ఇంకోలా అనుకున్నా..."

పిల్ల వాడి మొహంలోకి చూసింది. కోపంగా కూడా చూడలేదు. కొత్తవాళ్ళని చూసినట్టు చూసింది.

"ఇది ఎక్కొచ్చా?" అంది ఎద్దుని చూపించి.

"కొత్తబట్టల్తో ఎద్దెక్కుతావుటే? మతిపోయిందా!" అంది మంగతాయారు. పిల్ల వినిపించుకోలేదు. పట్టీలు విప్పి తల్లి చేతిలో పెట్టింది.

శోభనాద్రి చెప్పులు విడిచి ఒక్క అంగలో పరుపు మీదకి వెళ్ళాడు. ఎద్దు పక్కన వంగి రెండు చేతులూ దొన్నెలా పట్టాడు. "రామ్మా. దీని మీద కాలు వెయ్యి. నేనెక్కిస్తాగా."

"అక్కర్లేదు. నేనెక్కుతాను."

ఓణీ కొంగు నడుంలో దోపింది. లంగా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కొమ్ము పట్టుకుని ఎగిరింది. జారింది. మోకాలు చట్రానికి కొట్టుకుంది. శోభనాద్రి చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. రెండోసారి పొట్ట మీద పాకి, కాలు అటువైపుకి వేసి కూచుంది. కూచుని ఓణీ సర్దుకుంది.

అనీస్ టోపీ జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. అక్కడి మొహాలు చూసి ఏదో జరిగిందని గ్రహించి, పరుపు అంచున పడున్న పెట్టె తను తీసుకున్నాడు.

"ఎంతలో పెట్టమంటారు శోభన్ గారూ?"

శోభనాద్రి 'ఒకటిలో' అనబోయాడు.

"ఆయన్నెందుకు అడుగుతారండీ? ఎక్కింది నేను కదా," అంది హిమబిందు. "నాలుగులో పెట్టండి."

అనీస్ శోభనాద్రి వంక చూడలేదు. పిల్ల మొహమే చూస్తూ నాబ్ తిప్పాడు. శోభనాద్రి పరుపు దిగి, చెప్పులు వెతుక్కుని, జనంలో ఒకడై నించున్నాడు.